కామాక్షి ఉండే ఇల్లు

కావలి,
జూన్ 9

ప్రియమైన అమ్మకు,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఎప్పుడు చేసినా ఫోను అన్న చేతిలోనే ఉంటుంది. స్పీకరులో పెట్టి పక్కనే కూర్చుంటాడు. నువ్వు "అంతా బాగుండాము" అంటావు. అంతటితో సరి.

నా కొత్త ఉద్యోగం గురించి అడిగావు కదా. ఇళ్లల్లో ఆడవాళ్ల మీద హింస ఎందుకు జరుగుతోంది, జరగకముందే ఎలా ఆపాలి అని మా కాలేజీలో పరిశోధన చేస్తున్నారు. ఊళ్లు తిరిగి ఆడవాళ్లతో మాట్లాడటం నా పని. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. మధ్యలో ఎవరైనా వస్తే పిల్లల టీకాల మీదికి మాట మార్చేయాలి. "మన ప్రశ్న వల్ల ఆమెకు ఇంకో దెబ్బ పడకూడదు" అంటారు ఈ పరిశోధన నడిపే మా సాహిరా మేడమ్.

అమ్మా, చిన్నాన్న కూతురి పెళ్లిలో కామాక్షి వదిన అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది. అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. ఎవరింట్లో కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నా మన ఇల్లే కళ్లముందు తిరుగుతోంది. అన్న వదినను కొడుతున్నాడా?

జవాబు కోసం చూస్తుంటాను.
నీ కూతురు,
రేవతి


కోట,
జూన్ 17

ప్రియమైన రేవతికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. రొయ్యల గుంటకు తెగులు తగిలి అంతా పోయింది. మీ అన్న పెంచలకృష్ణ రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడు. చిరాకు పడుతున్నాడు. నష్టం వచ్చిన మనిషి కదా.

కామాక్షి గుంట గట్టు మీద జారిపడింది. చెయ్యి వాచింది. అంతే. అయినా అంగన్‌వాడీలో పనికి పోయి వస్తానే ఉంది. నువ్వు ఏవేవో ఊహించుకోవద్దు.

ఒకటి అడుగుతాను. మీరు అడిగితే ఆడవాళ్లు చెప్తారా? చెప్పినాక మీరేం చేస్తారు? చెప్పిన మనిషి ఆ పూట మళ్లీ ఆ ఇంట్లోనే కదా ఉండాలి. ఊరికే అడిగినాను.

వేళకు తిను.
మీ అమ్మ,
ఆదిశేషమ్మ


కావలి,
జూన్ 21

ప్రియమైన అమ్మకు,

నువ్వు ఊరికే అడగలేదు. నాకు తెలుసు.

గుంట పోయిందని చిరాకు అంటావు. మరి ఆ చిరాకు రొయ్యపిల్లలు అమ్మినవాడి మీద ఎందుకు చూపించడు? వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడుగా!

దీంతోపాటు ఒక కాగితం పెడుతున్నాను. ఆడవాళ్ల సాయానికి పెట్టిన 181కి ఏ వేళలోనైనా ఫోను చేయొచ్చు. నెల్లూరులో సఖి కేంద్రం ఉంది. వైద్యం, లాయరు, పోలీసుల సాయం, కొన్నాళ్లు తలదాచుకునే చోటు, అన్నీ వాళ్లు చూస్తారు. ఆదివారం కారు మాట్లాడుకుని వస్తాను. వదిన బట్టలు సర్ది ఉంచు. ఇంక ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండనివ్వను.

తొందరలో,
రేవతి


కోట,
జూన్ 26

రేవతికి,

నీ ఉత్తరము చేరినది. మీ అన్న కూడా చదివినాడు. మా ఇంట్లో ఎటువంటి గొడవలూ లేవు. కామాక్షి సుఖముగా ఉన్నది. నీవు ఆదివారము రావద్దు. ఇకమీదట ఇటువంటి కాగితములు పంపవద్దు.

ఇట్లు,
ఆదిశేషమ్మ


కావలి,
జూలై 2

అమ్మా,

ప్రియమైన అని రాయబోయి ఆగిపోయాను. చివరికి నువ్వు కొడుకు వైపే నిలబడ్డావు.

నా మీద నాకు ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. ఆ కాగితం అన్న చేతిలో పడిందంటే వదిన ఏమైందో! అయినా ఆదివారం కారు ఎక్కబోయాను. సాహిరా మేడమ్ వచ్చి ఆపారు. "ఆమె వెళ్లిపోతుందని తెలిసినప్పుడే మగవాడు ఎంతకైనా తెగిస్తాడు. అసలు ఆమెకేం కావాలో అడిగావా రేవతీ?" అన్నారు. అడగలేదు. అందరినీ అడిగే నేను వదినను అడగలేదు.

మేడమ్ పరిశోధన పనిమీద కోట ఆస్పత్రికి వస్తున్నారు. నువ్వు బీపీ మాత్రలకు అక్కడికి వచ్చినప్పుడు ఈ ఉత్తరం నీ చేతికి ఇస్తారు. చదివి అక్కడే చించెయ్యి. వదిన ఎలా ఉందో ఆవిడకు ఒక్క మాట చెప్పి పంపు. అన్నం సయించడం లేదు.

రేవతి


కోట,
ఆగస్టు 24

ప్రియమైన రేవతికి,

అమ్మ దీవెనలు. "బాగుంది, కొన్నాళ్లు ఆగమనండి" అని మేడమ్‌తో చెప్పి పంపినాను. అంతకు మించి చెప్తే నువ్వు ఆగవని భయపడినాను. ఇప్పుడు అంతా రాస్తున్నాను.

రావద్దని నేను రాసిన ఆ ఉత్తరం మీ అన్న నా నెత్తిన నిలబడి చెప్పి రాయించినాడు. నీ కాగితం పొయ్యిలో వేసినాడు. కానీ మూడే అంకెలు కదా, మనసులో నిలిచిపోయినాయి.

మర్నాడు వాడు బయటికి పోయినాక కామాక్షిని అడిగినాను, "నీకేం కావాలమ్మా?" అని. అంతా చెప్పింది. వాడు కొడతాడని నాకు ముందే తెలుసు. వద్దని ఏడ్చినా వినకుండా మీద పడతాడని తెలియదు. "దెబ్బల కంటే అదే నరకమత్తా" అనింది. పుట్టింటికి పంపించనా, రేవతి దగ్గరికి పోతావా అంటే తల అడ్డంగా ఊపింది.

"నా ఉద్యోగం ఈడనే ఉండాది. తప్పు చేసింది ఆయన. నేనెందుకు పోవాల?"

నిజమే కదా అనిపించింది. ఇల్లు మీ నాయన నా పేరున రాసిపోయినాడు. ఆస్పత్రి నర్సమ్మ ఫోను తీసుకుని 181కి చేసినాము. సఖి కేంద్రం వాళ్లు కామాక్షి ఏం చెప్తే అదే చేసినారు, తొందరపెట్టలేదు. కేసు కోర్టుకు పోయింది. నేను సాక్ష్యం చెప్పినాను.

"కన్నకొడుకు మీద చెప్తా ఉండావా?" అని వాడి లాయరు అడిగినాడు.

"చూసింది చెప్తా ఉండాను సార్" అన్నాను.

వాడు ఈ ఇంట్లో అడుగు పెట్టకూడదని, కామాక్షి జోలికి రాకూడదని ఉత్తర్వు ఇచ్చినారు. ఇప్పుడు గుంట కాడ షెడ్డులో ఉంటున్నాడు.

నిన్న మధ్యాహ్నం వచ్చినాడు. గేటు బయట నిలబడి "అమ్మా, ఆకలేస్తా ఉండాది. ఇంత అన్నం పెట్టు" అన్నాడు. చిక్కిపోయినాడు రేవతీ. నా చెయ్యి గడియ మీదికి పోయింది. వెనక కామాక్షి గోడకు ఆనుకుని జాకెట్టు చేతులు మణికట్టు మీదికి లాక్కుంటా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఈడికి రాబాకు కృష్ణా. పో. పోకపోతే పోలీసులకు ఫోను చేస్తాను."

గేటును ఒక్క తన్ను తన్ని పోయినాడు.

పొద్దుగూకే దాకా నాకు ముద్ద దిగలేదు. కామాక్షి అన్నం కలిపి తెచ్చింది. తినమని అనలేదు. పళ్లెం పట్టుకుని పక్కన కూర్చుంది. ఇద్దరం అందులోనే తిన్నాము.

వాడు మళ్లీ వస్తాడో రాడో తెలియదు. ఇప్పుడు నువ్వు రా. గేటు దగ్గర నిలబడి గట్టిగా నీ పేరు చెప్పు. గొంతు గుర్తుపట్టి తలుపు తీస్తాము.

ఎదురుచూస్తూ,
మీ అమ్మ