సాయిలు మూలకు కాపలా

సోమవారం
వాన. ఎల్లారెడ్డి బస్టాండ్ పక్కన మూతబడ్డ చెప్పుల దుకాణం. దాని రేకు కింది మూలే మా సాయిలుకి ఏళ్లుగా ఇల్లు. ఇవాళ వాడి ఒళ్లు పెనంలా కాలుతోంది. ఇక్కడి దవాఖానలో రక్తం చూసి డెంగీ అన్నారు, కామారెడ్డి పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. ససేమిరా అంటాడు. పోయినేడు జ్వరమొచ్చి దవాఖానకు పోతే, తిరిగొచ్చేసరికి ఆ మూలలో వేరేవాడు. వానాకాలమంతా మురికి మోరీ గట్టున తడిశాడు.
"నేను పోతే నా జాగ ఎవలు చూస్తరన్నా?"
"నీ బంగ్లకు నేను కాపలుంట. పో రా."
ఊరికే అన్నాను. పట్టుకున్నాడు.

మంగళవారం
అంబులెన్స్ ఎక్కుతూ కూడా వేలు చూపిస్తాడు — గోడ దిక్కు పండుకో, గోడ దిక్కు...
పడుకున్నాను. ఇంట్లో కోడలికి మాత్రం చుట్టాలింటికి పోతున్నానని చెప్పాను.

బుధవారం
ఇవి దోమలా, కందిరీగలా? ఎవరో పెద్దమనిషి నా పక్కన అరటిపండు పెట్టి పోయాడు. తిన్నాను. ఇంకోటి ఉందా అని తలెత్తితే — నాగిరెడ్డిపేట బస్సు దిగిన మా కోడలు.
"ఇదేనా మామా, నీ చుట్టాలిల్లు?"
సాయిలు సంగతి చెప్పాను. గిర్రున తిరిగి పోయింది. సాయంత్రం దోమతెరతో వచ్చింది. నీకూ జ్వరమొస్తే నీ జాగకు ఎవలు కాపలుంటరని తిట్టుకుంటూ షట్టర్ కొక్కేలకు కట్టింది.

గురువారం
పక్కనే పాత టైర్లు. నిండా నీళ్లు, నీళ్ల నిండా దోమ పురుగులు. సిగరెట్ల సంగతి మీ అమ్మలకు చెప్తానని ఆటో పోరగాళ్లను బెదిరించి పారబోయించాను.

శుక్రవారం
సిస్టరమ్మ ఫోన్లో సాయిలు గొంతు! ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయట. అన్నం తిన్నాడట. అడిగింది మాత్రం మూల సంగతే.
"అమ్మేసిన," అన్నాను. నవ్వాడు.

శనివారం
మళ్లీ వాన. కూలి పనికి ఎటు నుంచో వచ్చిన ఆడమనిషి, చంకలో పాప. వేసుకున్న గుడిసె మునిగిందట. ఆమెకూ జ్వరం, వణుకుతోంది. తెర ఎత్తి లోపలికి పొమ్మన్నాను. నేను బయట.
సాయిలుని రేపోమాపో పంపిస్తారట. మూల ఒక్కటే... ఏం చెప్పను వాడికి?

ఆదివారం
ఫోన్లో చెప్పేశాను. 
"గోడ దిక్కే పండుకున్నదా?"
"ఆఁ."
"ఉండనియ్యన్నా. అటు జల్లు కొట్టదు. నేనొచ్చి అంచుకు పండుకుంట."
ఇంత మెత్తనివాడని నాకేం తెలుసు.
ఆమెను రక్తపరీక్షకు పొమ్మన్నాను. పాపను గట్టిగా పట్టుకుంది.
"నేను పోతే ఈ జాగ ఎవలు చూస్తరు బాపూ?"
కాపలాకు నా దుప్పటి మళ్లీ పరిచాను. ఆమె ఇంకా లేవలేదు. పాప మాత్రం ఒళ్లోంచే నా చేతికర్ర పట్టుకుని దవాఖాన రోడ్డు వైపు లాగుతోంది...