ముప్పై గంటల విదేశీ చదువు

అంతర్జాతీయ అభ్యాస విభాగం సార్ గారికి,

విదేశీ విద్యార్థితో ముప్పై గంటలు వీడియోలో మాట్లాడితే ఇచ్చే సర్టిఫికెట్ నాకు రాదన్నారు. రికార్డింగుల్లో నేను నాలుగు గంటలే కనబడిన మాట నిజమే. మిగతా ఇరవై ఆరు గంటలూ తిరుచానూరులో మా అవ్వ జ్ఞానాంబ ఫోను వదల్లేదు. "ఆ జపాను పాపకు సంగటి గెలికేదే రాదు, నువ్వట్ల జరుగు" అనింది. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ ఆపలేదు.

ఆ అమ్మాయికి వాళ్ల యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇచ్చింది. అందులో విదేశీ గురువు పేరు జ్ఞానాంబ అని ఉంది. అవ్వ దాని నకలుకు పటం కట్టించి, "నీది యాడే?" అని రోజూ అడుగుతోంది.

ఆమె విదేశీ గురువని జపాన్ వాళ్లే రాసిచ్చారు కనుక, ఆమెతో ఒకే ఇంట్లో గడిపిన ఇరవై ఏళ్లలోంచి నాకు తక్కువపడిన ఇరవై ఆరు గంటలు తీసుకోవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
విదేశీ గురువుగారి మనవరాలు,
బి.ఎస్సీ. మూడో సంవత్సరం