మంత్రిని చంపని పేజీ

ప్రియమైన అక్కకి,

'ప్రియమైన' అని రాయడానికే చెయ్యి రావడం లేదు. మన కామిక్ ఆరో సంచిక ఇవాళ చేరింది. హోటల్ రిసెప్షన్లో, గది తాళాల కోసం వచ్చినవాళ్లని నిలబెట్టేసి చదివాను. ఆఖరి పేజీలో మన ముసలి గుర్రం మంత్రి బతికే ఉన్నాడేంటి?

నేను రాసింది ఒకటే. డ్రాగన్ కోట మీద పడ్డ రోజున, కాపలాదారు కూతుర్ని కాపాడి ఆ ముసలి గుర్రం చచ్చిపోతుంది. నువ్వేమో గడ్డి మేస్తున్నట్టు గీశావు. పైగా ఆ పిల్ల చేత "హమ్మయ్య, దెబ్బేం తగల్లేదు" అనిపించావు. బొమ్మలు నీవి, మాటలు నావి అని కదా మొదట్నుంచీ మన ఒప్పందం? నా మాటల బుడగలో నువ్వెందుకు వేలు పెట్టావు? అచ్చయ్యాక చూపించడాన్ని అడగడం అనరు.

కోపంతోనే,
నీ చెల్లి

ప్రియమైన కందిరీగకి,

కుట్టడం అయిందా? మా ప్రెస్సులో మెషీన్ ఖాళీగా ఉండేది భోజనం వేళే. తిండి మానేసి, ఆ అరగంటల్లోనే అచ్చేశాను. నీకు ముందే పంపితే నీ దెబ్బలాట తెమిలేసరికి ఏడాది పోతుంది.

శనివారాలు లైబ్రరీలో నాచేత మన కామిక్ చదివించుకునే పిల్లల్లో ముందుపళ్లు ఊడిన ఆరేళ్లది ఒకతి ఉంది. మంత్రి కనిపించిన ప్రతి బొమ్మనీ వేలితో నిమురుతుంది. దానికి శవాన్ని చూపించమంటావా? అట్ట మీద 'అన్ని వయసులవారికీ' అని వేయించింది నువ్వే. అంత సరదాగా ఉంటే నువ్వే వచ్చి, దాని ఎదురుగా కూర్చుని చంపు.

నీ అక్క

అక్కా,

'ప్రియమైన' అన్నది ఈసారికి నువ్వే ఊహించుకో.

అన్ని వయసులవారికీ అంటే ఎవరూ చచ్చిపోరని కాదు. ఆరేళ్లవాళ్లకి కూడా నిజమే చెబుతామని.

నాకు ఐదేళ్లప్పుడు, అమ్మ ఊరెళ్లింది, వచ్చేస్తుంది అన్నావు. ఏడాది పాటు బస్సు ఆగినప్పుడల్లా గుమ్మంలోకి పరిగెత్తాను. ఆఖరికి బళ్లో పక్క బెంచీ పిల్ల, "మీ అమ్మ చచ్చిపోయిందిగా, నీకు తెలీదా?" అంది. క్లాసంతా నావైపే చూసింది. నేను ఏడ్చింది అమ్మ కోసం కాదు. అందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదని, సిగ్గుతో ఏడ్చాను.

ఆ పేజీ మార్చకపోతే ఏడో సంచిక రాయను.

చెల్లి

కందిరీగా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఒళ్లు మండి జవాబివ్వలేదు.

నాకప్పుడు పదేళ్లు. నీకేం చెప్పాలో పెద్దవాళ్లు ఒక్కరూ చెప్పలేదు. "చెల్లిని చూసుకో" అని వాళ్ల పనుల్లో వాళ్లు పడ్డారు. నువ్వు ముద్ద ముట్టకుండా అమ్మ ఏదని అడుగుతుంటే నోటికొచ్చింది చెప్పాను. చెప్పాక తిన్నావు. ఇన్నేళ్లకి నిలదియ్యడానికి నేనే దొరికానా?

నువ్వు రాసినట్టే గీశాను, పదకొండుసార్లు. మంత్రి కళ్లు మూయడం నావల్ల కాలేదు. మొన్న మూశాను. శనివారం ఆ బొమ్మ పట్టుకెళ్లి పళ్లూడినదానికి చూపించాను. "నిద్రపోతున్నాడా?" అంది. ఔననే మాట నాలుక చివర దాకా వచ్చింది. "లేదమ్మా, చచ్చిపోయాడు" అన్నాను. నన్ను గిచ్చి, ఏడ్చుకుంటూ పోయింది. కాసేపటికి తనే వచ్చి, "మళ్లీ చూపించు" అంది.

పేజీ పంపుతున్నాను. బుడగ ఖాళీగా ఉంచాను. నువ్వు రాస్తే అచ్చేసి కాపీలన్నిట్లో అతికిస్తాను. నా కోపం మాత్రం పోలేదు.

అక్క

ప్రియమైన అక్కకి,

ఆ బుడగ కోసం ఆరు లైన్లు ఎప్పుడో రాసిపెట్టుకున్నాను. కొట్టేశాను. "చచ్చిపోయాడు. నేను పక్కనే ఉన్నాను." అంతే.

ఏడో సంచిక మొదలుపెట్టాను. యుద్ధం అయిపోతుంది. కోటలో పెద్దలంతా తలుపులు బిగించుకుని కూర్చుంటారు. బయట పదేళ్ల పిల్ల ఒకతి, చంకలో చెల్లెలితో, ఒక్కో తలుపూ తడుతుంది. ఎవరూ తియ్యరు. వాళ్లలో ఒక్కణ్ణి కూడా నేను వదిలిపెట్టను.

ఆ పిల్లని నీలా గీయి.

నీ చెల్లి