ఖాళీ అనుకున్న గది

జూన్ 12, గురువారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. దీవెన ముందు పెట్టాలని అమ్మ నేర్పింది కాబట్టి పెట్టాను. ఈ ఉత్తరంలో ఇంకో దీవెన కోసం వెతక్కు. ఇంట్లో అందరం బాగున్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. నీ ఫోనుకే ఏదో జబ్బు చేసినట్టుంది, వారం నుంచి నేను చేస్తే పలకడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవుగా.

మా ల్యాబులో జరిగిన ప్రమాదం మీద మీ కంపెనీ తరఫున నువ్వు విచారణ కమిటీకి ఇచ్చిన వివరణని నిన్న మా డైరెక్టరుగారు నాకు చదివి వినిపించారు. మొక్కల గదిలో పనిచేసే ఉద్యోగిని గాలి వచ్చే దారికి ట్రేలు అడ్డం పెట్టడం వల్లే ఇదంతా జరిగిందని, పరికరాల్లో ఏ లోపమూ లేదని రాశావు. నీ చేయి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించినదాన్ని నేను. ఈ రాత కోసమా అంత కష్టపడ్డాను అనిపించింది.

ఉద్యోగిని అట! ఆవిడ ఎవరో నీకు తెలియనట్టు! మా పిచ్చుక. నోరు మూతపడదు కాబట్టి ల్యాబంతా ఆవిడని అలాగే పిలుస్తాం, ఆవిడా అలాగే పలుకుతుంది. నువ్వు వైర్లు లాగించడానికి వచ్చిన ప్రతిసారీ, బాబుగారూ టీ తాగారా అని అడిగింది ఆవిడే. మనుషులు దొరక్కపోతే మొక్కలతో మాట్లాడుతుంది. ఎదగని మొలకని పట్టుకుని, ఏమే, పక్కదాన్ని చూసైనా సిగ్గు తెచ్చుకోవే అని గదమాయిస్తుంది.

కరెంటు ఆదా చేయడం తప్పని నేను ఏనాడూ అనలేదు. ఆ గదులు కుంభకర్ణుడిలా కరెంటు మింగేవి. వేడీ, తేమా, వెలుతురూ అన్నీ ఒక్క తీరుగా ఉంచాలి కదా, బయటి గాలి లోపలికి వచ్చినప్పుడల్లా దాన్ని చల్లబరచడానికే సగం ఖర్చు. మనిషి లోపల లేనప్పుడు బయటి గాలి వచ్చే దారికున్న రెక్క మూసేస్తాం, మొక్కలు ఏపుగా పెరగడానికి సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువ వదులుతాం, మనిషి రాగానే గ్యాసు ఆగి రెక్క తెరుచుకుంటుంది అని నువ్వు చెబితే, మా తమ్ముడి బుర్రే బుర్ర అని ఊరంతా చెప్పుకున్నాను. ప్రారంభోత్సవం నాడు నీకు దండ వేస్తుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ చేతులు ఇప్పుడు మండుతున్నాయి.

మనిషి ఉన్నదీ లేనిదీ చెప్పాల్సింది ఎవరు? తలుపు పైన నువ్వు బిగించిన ఆ సెన్సర్. దానికి నడిచేవాళ్ళే కనబడతారు. చివరి వరస వెనక, కింది అరల దగ్గర చిన్న స్టూలు మీద కూర్చుని మొలకలు చూసుకునే మనిషి కనబడదు. ఆ రోజు పొద్దున పిచ్చుక అక్కడే కూర్చుంది. ఎవరూ లేరనుకుని నీ తెలివైన యంత్రం రెక్క మూసి గ్యాసు వదిలింది. ఖాళీ గదికి గ్యాసు అలారం దండగని దాన్నీ ఆపేసుకుంది. ఆ గ్యాసుకి వాసన ఉండదు, రంగు ఉండదు. తలుపు మీద మాత్రం ఆకుపచ్చ దీపం చక్కగా వెలుగుతోంది, గది ఖాళీ అని.

నేను గోడకి ఇవతల బల్ల దగ్గర ఉన్నాను. లోపలినుంచి ఆవిడ మాటలు వినబడుతూనే ఉన్నాయి. తర్వాత వినబడలేదు. ఈవేళ మొలకలతో కూడా పోట్లాట అయినట్టుందని నవ్వుకున్నాను. నవ్వుకున్నానురా! ఎంతకీ ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు లేచి తలుపు తీశాను. ఒక్కసారిగా తలలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. చెంప ట్రేకి ఆనించి పడి ఉంది పిచ్చుక. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి బిగబట్టి, చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చాను. ట్రేలు ఎక్కడున్నాయో కళ్ళారా చూసినదాన్ని నేను. అన్నీ అరల్లోనే ఉన్నాయి, గాలి దారి దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు. నువ్వు ఎవరి కళ్ళతో చూశావు?

ప్రాణం దక్కింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. తలనొప్పి వదలడం లేదు. మాట మధ్యలో ఆగి పదం కోసం వెతుక్కుంటోంది. పిచ్చుక పదం కోసం వెతుక్కోవడం! మొన్న నన్ను చూసి నా పేరు నాలిక చివర ఆడుతున్నా బయటికి రాక ఏడ్చింది. నువ్వు రాసింది నిలబడితే ఆవిడ ఉద్యోగం పోతుంది. నిర్లక్ష్యం అన్న మచ్చతో ఇంకో చోట ఎవరు రానిస్తారు? చేసిందొకరు, చెంపదెబ్బ ఇంకొకరికా?

అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఎత్తవు కానీ అమ్మ చేత చేయించగలవని అర్థమైంది. తోడబుట్టినవాడి మీద కత్తి కట్టావేమిటే, వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు కదా అంది. పిచ్చుకకీ పిల్లలున్నారమ్మా అన్నాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదు అని పెట్టేసింది. అది నిన్నన్నదో నన్నన్నదో నాకు తెలియలేదు. నాకు గడ్డం లేదు కాబట్టి నిన్నే అయివుంటుంది.

నువ్వు చెడ్డవాడివని ఇప్పటికీ అనుకోవడం లేదు. తొందరగాడివి. ముందు పని అయిందనిపించుకుని తర్వాత వెనక్కి చూస్తావు. సెన్సర్‌కి కింద కూర్చున్నవాళ్ళు కనబడరన్న ఆలోచనే నీకు తట్టి ఉండదు. తట్టకపోవడం పొరపాటు. దాన్ని ఒక ఆడమనిషి నెత్తిన రుద్దడం పొరపాటు కాదు, నీచం. సోమవారం కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. వచ్చి, నేను రాసింది అబద్ధం అని నీ నోటితో చెప్పు. బతిమాలడం లేదు, పెద్దదాన్నిగా చెబుతున్నాను. తర్వాత నువ్వు మా ఇంటికి రావాలా, నేను నీకు అన్నం పెట్టాలా అన్నది మనం మనం చూసుకుందాం.

ఇంతకంటే మర్యాదగా రాయడం చేతకాని,
మీ అక్క

తా.క. శుక్రవారం సాయంత్రం.

సోమవారం దాకా ఆగకుండా కమిటీ ఇవాళే కూర్చుంది. నీకూ కబురు పెట్టారట, ఒంట్లో బాగాలేదన్నావట. మీ ఫిట్టరుని పిలిచారు. పాపం చేతులు నలుపుకుంటూనే అంతా చెప్పేశాడు. సెన్సర్ బిగించిన రోజునే నువ్వు వెళ్ళి పిచ్చుక స్టూలు మీద కూర్చుని చూశావట. కాసేపటికి తలుపు మీద ఆకుపచ్చ దీపం వెలిగిందట, నువ్వు లోపలుండగానే. సార్, ఇది కనిపెట్టడం లేదు అని అతను అంటే, ముందు ప్రారంభోత్సవం కానీ, కిందికి ఇంకోటి తర్వాత పెడదాం అన్నావట. తర్వాత నీకు గుర్తే రాలేదు.

నన్ను పిలిచి ట్రేల గురించి అడిగారు. చూసింది చూసినట్టు చెప్పాను. ఈ ఇంజనీరుగారితో మీకేమైనా గొడవలున్నాయా అన్నారు కమిటీ పెద్ద. లేవు, మా తమ్ముడు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

నీ వివరణ కొట్టేశారు. పిచ్చుక ఉద్యోగం ఉంటుంది, వైద్యం సంస్థే చేయిస్తుంది. నీ సంగతి విడిగా తేలుస్తారట.

నిన్న తెలియక చేశావనుకుని తిట్టాను. ఆ తిట్లు చాలవురా. కొత్తవి రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఉత్తరం పోస్టులో వేయలేదు. దీన్ని తెచ్చి నీ చేతిలో పెట్టిన మనిషిని గుర్తుపట్టావా? బాగా చిక్కిపోయింది. నేనే తీసుకెళ్ళి ఇస్తాను అని ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా ఆగకుండా అంది. నువ్వు చదవడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటానంది. ఏదో అడగాలట నిన్ను. పదాలు వెంటనే దొరకవు, తొందరపెట్టకు.

ఇక తలెత్తు.