రేపు మీరు కూర్చోబోయే సీటు

స్టోర్స్ ఆఫీసరు గారికి,

రేపు ఉదయం మిమ్మల్ని తనిఖీకి యుద్ధ శిబిరానికి తీసుకెళ్లే విమానం నాదేనట. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

"ఆడవాళ్లు నడిపే విమానాల్లో పారాచూట్లు పెట్టొద్దు, ఆ బరువుకి ఇంకో బాంబు మోయొచ్చు" అని ఆర్డరు వేసింది మీరే. అది రద్దు చెయ్యమని మా అక్క రెండుసార్లు వచ్చి మీ బల్ల ముందు నిలబడింది. "భయమైతే ఇంటికెళ్లి వంట చేసుకోమ్మా" అన్నారు మీరు, టీ తాగుతూ.

పోయిన మంగళవారం అక్క విమానం రెక్కకి నిప్పంటుకుంది. పారాచూట్‌తో దూకితే బతికేంత ఎత్తులోనే ఉంది. పక్క విమానంలోంచి కళ్లారా చూశాను. అక్క సీట్లోంచి లేచి నిలబడింది. కిందికి చూసింది. మళ్లీ కూర్చుంది.

ఇందాక మీ గుమాస్తా మీ కోసమని పారాచూట్ పట్టుకొచ్చాడు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు, నిజమే. తిప్పి పంపేశాను. ఆర్డరు ఆర్డరే కదండీ. దాని కాపీ మీ సీటుకి ఎదురుగా అతికించాను, దారిలో చదువుకోండి. పారాచూట్ నాకూ ఉండదు లెండి.

ఏం భయపడకండి. నేను విమానం బాగానే నడుపుతాను. అక్క నాకంటే బాగా నడిపేది.

రేపటి మీ పైలట్