అక్క నన్ను ఆపిన వైనం

అమ్మా,

క్షేమంగా అక్క ఇంటికి చేరాను. సైకిలు యాత్రకి ముందు అక్కని చూసి వెళ్ళమని ఎందుకంత పోరుపెట్టావో ఇప్పుడు తెలిసింది. నన్ను ఆపమని తనకి ముందే చెప్పి ఉంచావు కదూ! ఎలా ఆపిందో విను.

నిన్న ఈ ఊళ్ళోనే మా యాత్ర జట్టుకి పరీక్ష. కాలు కింద పెట్టకుండా వాటర్ ట్యాంకు గుట్ట ఎక్కినవాళ్ళకే యాత్రలో చోటు. సగం ఎక్కానో లేదో వెనక నుంచి కేకలు. చూస్తే అక్క, ఆస్పత్రి డ్యూటీకి తొక్కే ఆ డొక్కు సైకిలు మీద! "ఆగవే మొండిదానా! ఈ వయసులో ఇదేం పోయేకాలమే నీకు! కాలు విరిగితే కట్టు కట్టాల్సింది నేనే కదే!" అంటూ గుట్ట పైదాకా తరుముకొచ్చింది. తీరా చూస్తే, తనూ ఎక్కడా కాలు కింద పెట్టలేదు!

జట్టు పెద్ద, రిటైరైన డ్రిల్లు మాస్టారు, చేతులు జోడించేశారు. "గుట్ట ఎక్కుతూ ఇంతసేపు తిట్టే ఊపిరి మాలో ఒక్కరికీ లేదు. మీరూ రండమ్మా" అన్నారు. "రాక చస్తానా? దీన్నెవరు చూసుకుంటారు?" అంది అక్క. ఇంటికొచ్చేదాకా తన మొహం వెలిగిపోతూనే ఉంది.

సోమవారం ఇద్దరం బయల్దేరుతున్నాం. నా కుట్టుమిషను మీద గుడ్డ కప్పావా? నీ బీరువాలో ఉన్న అక్క వానకోటు పార్సిలు చెయ్యకు, నువ్వే పట్టుకుని ఆదివారానికల్లా వచ్చెయ్యి. నీ అల్లుడికి గుడ్డు ఉడకబెట్టడం తప్ప ఏమీ రాదు. నెల రోజులు నువ్విక్కడే ఉండాలి.

దీవెనలు ఇద్దరికీ సరిపడా తీసుకురా. ఆపాలని మాత్రం మా వెంటపడకు. మాస్టారు నీ పేరు కూడా రాసేసుకుంటారు.

నీ చిన్నది