దూలం లెక్కలో అరవై ఒక్క సున్నాలు

నాణ్యతా విభాగం అధికారి గారి సముఖమునకు,
బాగల్‌కోట ఇంజనీరింగు కాలేజీ సివిల్ శాఖ ఉపన్యాసకుడు మల్లేశప్ప కడకోళ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మూడవ సెమిస్టరులో అరవై ఒక్కరు ఒకే తప్పు చేసిన సంగతి, అసలు దోషి ఆచూకీ గురించి.

1. ఏ ప్రశ్నకు ఎందరికి ఎన్ని మార్కులు వచ్చినవో పట్టిక వేసి, తగ్గినచోట కారణమూ, తీసుకొన్న చర్యా రాయవలెనని తమ ఉత్తర్వు. ఏడేండ్లుగా నేను "పునాది బలహీనము, అదనపు తరగతి జరిపితిమి" అని రాసి పంపుచున్నాను. ఆ తరగతి ఏ గదిలో జరిగినదో నాకును తెలియదు. తమరును అడగలేదు.

2. ఈసారి ఖర్మ కాలి పట్టికను చదివితిని. బయటి కాలేజీ వారు దిద్దిన పేపర్లలో మూడో ప్రశ్న, అనగా దూలం లెక్కకు, అరవై నలుగురిలో అరవై ఒక్కరికి సున్నా. అందరిదీ ఒకటే తప్పు జవాబు. అది చూసి తమరు కాపీగా నిర్ణయించి, పన్నెండో తారీఖున జరుగు మారు పరీక్షకు వారిని కూర్చోనివ్వరాదని నోటీసు అంటించితిరి.

3. సరిగా రాసిన ముగ్గురి పేర్లు హాజరు పట్టీలో వెతకగా, నేను ఆ పాఠం చెప్పిన రోజున ముగ్గురూ గైర్హాజరు. వారిలో శివగంగ హొసమని అను విద్యార్థినిని విచారించితిని. ఆమె నేల చూపులు చూస్తూ చెప్పిన మాటలు యథాతథముగా: "ఆ రోజు మా అక్క కూతుర్ని ఉయ్యాల్లో వేశారు సార్, రాలేదు. తర్వాత పుస్తకం చూసి చేసుకున్నా. వీళ్లంతా మీరు బోర్డు మీద చేసినట్టే చేశారు, పాపం."

4. పిల్లల నోట్సు తెప్పించి చూసితిని. దూలం మీది బరువు దూరమును ఎడమ చివర నుంచి కొలవవలసి ఉండగా కుడి చివర నుంచి కొలిచినది నేనే. తమ పట్టికలు ఆ సాయంత్రంలోగా అందవలెనను తొందరలో గంట పాఠం పావుగంటలో ముగించితిని. కావున పిల్లలు కాపీ కొట్టిన మాట నిజమే. నా నుంచి కొట్టిరి. సిగ్గుగా ఉందండీ. ఏడేండ్లలో నా మాట ఇంత శ్రద్ధగా విన్న తరగతి ఇదొక్కటే. వాళ్లకే శిక్ష పడుతోంది.

5. తమ ఫారంలోని కారణముల జాబితాలో "ఉపన్యాసకుడు" అను గడి లేదు. గుమాస్తాను అడిగితే, "ఆ గడి పెడితే ఫారం ఎవరు నింపుతారు సార్?" అన్నాడు.

కావున నోటీసు ఉపసంహరించి, శివగంగ చేత అదనపు తరగతి చెప్పించుటకు అనుమతి దయచేయ ప్రార్థన. నేను వెనక బెంచీలో కూర్చొందును.

చిత్తగించవలెను. చిత్తగించి ఊరుకొనక సంతకము చేయవలెను.

తమ విధేయుడు,
మల్లేశప్ప కడకోళ

తా.క.: అనుమతి వచ్చేదాకా ఆగలేక నిన్ననే తరగతి జరిపించేశాం. చివర్లో ఆ అమ్మాయి చిన్న పరీక్ష పెట్టింది. నేనూ రాశాను. బొమ్మ గీయలేదని నాకు పదికి ఆరే వేసింది. అరవై ఒక్కరిలో యాభై ఎనిమిది మందికి నాకంటే ఎక్కువ, ముగ్గురికి నాతో సమానంగా వచ్చాయి. కాగితాలన్నీ మార్కుల వరుసలో జతపరిచాను, పైనుంచి చదవండి. నాది అట్టడుగున ఉంది.